జెట్టీ దగ్గర చల్లగా, పరుగులో వేడిగా: బోటు ఇంజను హెడ్ విప్పే ముందు చూడవలసినవి

ప్రశ్న: మాది గంజాం జిల్లా రంభ. ఒడిశాలోని చిలికా సరస్సులో యాత్రికులను బ్రేక్‌ఫాస్ట్ దీవికి, బర్డ్స్ దీవికి తిప్పే బోటు ఉంది. సముద్రంలో వేటకు తిరిగిన పాత బోటును గోపాలపురం వైపు కొని, పైకప్పు, బల్లలు వేయించుకున్నాము. లోపల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉంది, సుమారు 40 హార్స్‌పవర్. ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంటు) లోపలే తిరుగుతుంది. హీట్ ఎక్స్‌ఛేంజరులో బయటి నీరు దాన్ని చల్లబరుస్తుంది. శీతాకాలమంతా బాగానే నడిచింది. ఏప్రిల్ నుంచి, జెట్టీ దగ్గర ఎంతసేపు తిప్పినా ఉష్ణోగ్రత మీటరు ముల్లు 80 డిగ్రీలు దాటదు గానీ, బయలుదేరి వేగం పెంచిన పావుగంటకు 100 దాటి బజరు మోగుతోంది. వేగం తగ్గిస్తే దిగుతోంది. విప్పి చూస్తే నీటి పంపు ఇంపెల్లరుకు (నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రానికి) రెండు రెక్కలు విరిగి ఉన్నాయి, కొత్తది వేయించాము. ఆ తరువాత మేస్త్రీ థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంటు దారిని తెరిచే వాల్వు) తీసేశాడు. ఇప్పుడు జెట్టీ దగ్గర 60 కూడా ఎక్కదు, పరుగులో మాత్రం పాత కథే. ఇక హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పాలంటున్నాడు. విప్పించమంటారా?
– ఒక పాఠకుడు, రంభ

సమాధానం: ఇప్పుడే విప్పించవద్దు. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం మీరు యథాలాపంగా రాసిన వాక్యంలోనే ఉంది. నిలకడగా ఉన్నప్పుడు వేడెక్కని ఇంజను, బరువు లాగుతున్నప్పుడు మాత్రమే వేడెక్కి, వేగం తగ్గించగానే తిరిగి చల్లబడుతున్నదంటే, వేడిని బయటికి మోసుకుపోయే దారి పూర్తిగా మూసుకుపోలేదు, ఇరుకైనదని అర్థం. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద సందు లేకుండా బిగించే పలుచని పొర) పోయిన ఇంజను సాధారణంగా ఇంత మర్యాదగా నడుచుకోదు. ఆ అనుమానాన్ని హెడ్ విప్పకుండానే తీర్చుకొనే పరీక్షలున్నాయి, వాటిని తరువాత చెబుతాను.

జెట్టీ దగ్గర బాగుండి పరుగులో ఎందుకు చెడుతున్నదో ముందుగా తెలుసుకుంటే మిగిలిన పని తేలికవుతుంది. ప్రొపెల్లరు తిరిగే వేగం రెట్టింపయితే దానికి కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది, కానీ ఇంజనుతో పాటు తిరిగే నీటి పంపు తోడే నీరు రెండు రెట్లు మాత్రమే పెరుగుతుంది. కనుక తక్కువ వేగంలో సగం నీరు వచ్చినా సరిపోతుంది, పూర్తి వేగంలో ప్రతి లీటరూ లెక్కకు వస్తుంది. మీ ఇంజనువంటిది పూర్తి బరువు మీద కూలెంటులోకి సుమారు 30 కిలోవాట్ల వేడిని వదులుతుందని అనుకుందాం. ఆ వేడి నిమిషానికి 40 లీటర్ల బయటి నీటిలోకి పోతే ఆ నీరు సుమారు 11 డిగ్రీలు వేడెక్కి బయటికి వెళుతుంది. అదే ప్రవాహం 20 లీటర్లకు పడిపోతే 22 డిగ్రీలు వేడెక్కాలి. దీనికి తోడు, శీతాకాలపు ఉదయాన 20 డిగ్రీల దాపున ఉండే చిలికా నీరు వేసవి మధ్యాహ్నం 30 దాటుతుంది. మీ బోటులో లోపం ఏప్రిల్‌లో పుట్టి ఉండకపోవచ్చు. శీతాకాలంలో చల్లటి నీరు దానిని కప్పిపుచ్చింది, ఎండలు ముదిరేసరికి అది బయటపడింది.

థర్మోస్టాట్ విషయం ఇక్కడే తేల్చేద్దాం. వేడెక్కిన ఇంజనులోంచి దానిని తీసిపారేయడం మన వైపు మేస్త్రీలకు అలవాటైన మొదటి చికిత్స. తీసేసినా పరుగులో ఇంజను వేడెక్కుతూనే ఉన్నది కనుక తప్పు దాని ఒక్కదానిదే కాదని అనుకోవచ్చు, అంతవరకు లాభమే. కానీ తిరిగి పెట్టకపోతే నష్టం. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ మరొక వైపున్న అడ్డదారిని మూసివేస్తుంది. అది లేకపోతే కూలెంటులో కొంత భాగం హీట్ ఎక్స్‌ఛేంజరును తాకకుండానే ఆ అడ్డదారిలో తిరిగి ఇంజనులోకి వచ్చేస్తుంది, అంటే వేడి తగ్గించడానికి చేసిన పనే వేడిని పెంచవచ్చు. పైగా 60 డిగ్రీలు కూడా ఎక్కకుండా తిరిగే డీజిల్ ఇంజనులో ఇంధనం సరిగా కాలదు, ఆయిలులో తేమ, ఆమ్లాలు చేరతాయి, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. తీసిన థర్మోస్టాట్ దగ్గర ఉంటే, ఒక గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి మీద కాచి చూడండి. దాని మీద ముద్రించిన అంకె దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకుంటే అది మంచిదే, తిరిగి పెట్టించండి. లేకపోతే అదే అంకె గల కొత్తది కొనండి.

మీటరు అబద్ధం చెప్పవచ్చుననే అనుమానం కూడా ఉంచుకోవలసిందే. లేజరు చుక్కతో గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఆ అనుమానం తీరడమే కాదు, ముందు చెప్పబోయే పరీక్షలకూ పనికివస్తుంది. మెరిసే లోహం మీద అది తప్పు అంకె చూపుతుంది. కొలవదలచిన చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టండి.

ఇక నీటి దారి. బోటు అడుగున జాలీ, దాని మీద వాల్వు, తరువాత వడపోత డబ్బా, అక్కడి నుంచి పంపు, కొన్ని ఇంజన్లలో మధ్యలో ఆయిల్ కూలరు, ఆ తరువాత హీట్ ఎక్స్‌ఛేంజరు, చివరికి పొగగొట్టంలో నీరు కలిసే వంపు. ఈ వరుసలోనే చూసుకుంటూ రండి, మధ్యలో దూకవద్దు. ఒక్కొక్క పని ముగిశాక ఒకసారి బోటును పరుగులో పెట్టి చూసి, ఫలితం ఒక పుస్తకంలో రాసిపెట్టుకొని, తరువాతి దానికి పోవాలి. ఒకేరోజు నాలుగు భాగాలు మారిస్తే రోగం నయమైనా ఏది రోగమో తెలియదు, వచ్చే వేసవిలో మళ్లీ మొదటికే వస్తారు.

రంభ వైపు నీటి అడుగున కలుపు ఎక్కువ. పరుగులో పంపు గట్టిగా పీల్చినప్పుడు ఆ తీగలు వచ్చి జాలీకి అతుక్కుంటాయి. ఇంజను ఆపగానే లాగే బలం పోయి వాటంతట అవే ఊడి పడిపోతాయి. జెట్టీకి తిరిగివచ్చి చూసేసరికి జాలీ శుభ్రంగా కనిపిస్తుంది, లోపమేమీ లేదనిపిస్తుంది. మీరు చెప్పిన లక్షణానికి ఇది సరిపోతుంది. జెట్టీ దగ్గర లోతు తక్కువ కనుక మనిషి దిగి చేత్తో తడిమి చూడవచ్చు, కానీ ఇంజను తాళంచెవి దిగేవాడి దగ్గరే ఉండాలి. జాలీ రంధ్రాలు పాత రంగుతోనో, గుల్లలతోనో పూడి ఉన్నాయేమో చూడమనండి. సముద్రంలో తిరిగిన బోటుకు అడుగున గుల్లలు పట్టకుండా ఉండవు, వాల్వు గొంతులో కూడా పడతాయి. వాల్వుకు తగిలించిన పైపు విప్పి, వాల్వును ఒక్క క్షణం తెరిస్తే నీరు లావుగా, బలంగా ఎగజిమ్మాలి. సన్నగా వస్తే అడ్డం అక్కడే ఉంది. (చెక్క బిరడా ఒకటి చేతిలో పట్టుకొనే ఈ పని చేయండి, పాత వాల్వులు తెరిచాక మూసుకోకపోవడం వింతేమీ కాదు.)

వడపోత డబ్బాలో కలుపు తీయడం మీకు తెలిసిందే. దాని మూత కింది రబ్బరు వాషరును మాత్రం చాలామంది పట్టించుకోరు. పంపుకు ముందున్న భాగమంతా పీల్పుడు మీద పనిచేస్తుంది కనుక అక్కడి కన్నంలోంచి నడుస్తున్నప్పుడు నీరు కారదు, గాలి లోపలికి పోతుంది. గాలి కలిసిన నీటిని పంపు సరిగా తోడలేదు. మూత పారదర్శకంగా ఉంటే, వేగం పెంచినప్పుడు లోపల బుడగలు పరుగెత్తుతున్నాయేమో చూడండి. వాషరు గట్టిపడి ఉంటే మార్చేయండి.

అక్కడి నుంచి పంపుకు వెళ్లే పైపు మీద కూడా నాకు అనుమానముంది. లోపల తీగచుట్టు లేని మామూలు రబ్బరు పైపు కాలం గడిచేకొద్దీ మెత్తబడి, పూర్తి వేగంలో పీల్పుడుకు చప్పిడిగా అణిగిపోతుంది, వేగం తగ్గగానే మళ్లీ ఉబ్బి గుండ్రంగా నిలబడుతుంది. కొన్నిటిలో బయటి పొర బాగుండి లోపలి పొర మాత్రమే ఊడి అడ్డం పడుతుంది. ఒకరు వేగం పెంచుతుండగా మరొకరు, వదులు బట్టలు బెల్టుకు దూరంగా ఉంచుకొని, ఆ పైపును చేత్తో పట్టుకొని చూస్తే తెలిసిపోతుంది.

ఈ పీల్చే వైపునంతటినీ ఒక్క పరీక్షతో తేల్చుకోవాలంటే, పంపుకు వచ్చే పైపును విప్పి, మంచి గట్టి పైపు ముక్క ఒకటి పంపుకు తగిలించి, దాని రెండో కొసను నీళ్లు నింపిన పెద్ద డ్రమ్ములో ముంచండి. వెనుక పొగగొట్టంలోంచి వచ్చే నీటిని బకెట్టుతో పట్టి, గడియారం చూసి కొలవండి. నిమిషానికి 40 లీటర్లు వస్తే పది లీటర్ల బకెట్టు 15 సెకన్లలో నిండుతుంది. డ్రమ్ములోంచి తోడినప్పుడు ధారాళంగా వచ్చి, మామూలు దారిలో తోడినప్పుడు తగ్గితే లోపం పంపుకు ముందే ఉంది. రెండు విధాలా తక్కువగానే వస్తే లోపం పంపులోనో, ఆ తరువాతనో ఉంది. మీ ఇంజనుకు ఏ వేగంలో ఎన్ని లీటర్లు రావాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. అది దొరకకపోతే ఇప్పటి కొలతను రాసిపెట్టి, ఒక్కొక్క మరమ్మతు తరువాత మళ్లీ కొలిచి పోల్చుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెండు రెక్కలు విరిగాయని రాశారు. ఆ రెండు ముక్కలూ దొరికాయా? ఆ సంగతి రాయలేదు కనుక దొరకలేదనే అనుకుంటున్నాను. ఇంపెల్లరు రెక్క విరిగితే ఆ రబ్బరు ముక్క గాలిలో కలిసిపోదు, నీటితో పాటు ముందుకు పోయి మొదటి ఇరుకు చోట తట్టుకుంటుంది. ఆ చోటు ఆయిల్ కూలరు ఉంటే దాని ముఖమే, లేకపోతే హీట్ ఎక్స్‌ఛేంజరు ముఖం. అక్కడ తేనెపట్టులా వరుసగా ఉన్న సన్నని గొట్టాల నోళ్లకు అడ్డంగా, ఒక అంచు లావుగా ఉన్న నల్లటి రబ్బరు పలక ఆనుకొని ఉంటుంది. తక్కువ వేగంలో దాని పక్కల నుంచి నీరు పోతుంది, వేగం పెరిగేకొద్దీ ఒత్తిడికి అది మరింత గట్టిగా అతుక్కుంటుంది. కొత్త ఇంపెల్లరు వేసినా గుణం కనబడకపోవడానికి ఇదే కారణమని నా అంచనా. మీ స్థానంలో ఉంటే ఉత్తరం చదివిన రోజునే ఎక్స్‌ఛేంజరు మూతలు విప్పి చూస్తాను. విప్పే ముందు బోటు అడుగు వాల్వు మూసివేయడం, ఇంజను పూర్తిగా చల్లారనివ్వడం మరచిపోవద్దు. పాత ఇంపెల్లరును పారేయకుండా ఉంచితే, దొరికిన ముక్కలను దాని పక్కన పేర్చి రెక్కలు పూర్తయ్యాయో లేదో సరిచూసుకోవచ్చు. ఒక్క ముక్క లెక్కకు రాకపోయినా వెతుకులాట ఆపవద్దు. లోహాన్ని తుప్పు నుంచి కాపాడడానికి అమర్చే జింకు కడ్డీ అరిగి విరిగిన తునకలు కూడా అక్కడే దొరుకుతాయి.

మూతలు విప్పినప్పుడే గొట్టాలను వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. వేసవిలో చిలికా నీటిమట్టం తగ్గినప్పుడు ప్రొపెల్లరు అడుగు బురదను రేపుతుంది, వడపోత జల్లెడలో నిలవని ఆ సన్నని మన్ను గొట్టాల్లో పేరుకుంటుంది. దానికి కొబ్బరి ఈనెలు చాలు, ఒక్కొక్క గొట్టంలో దూర్చి నీళ్లు కొట్టండి. ఇనుప చువ్వ వాడితే పలుచని గొట్టం గీరుకుపోయి కన్నం పడుతుంది. మన్ను కాక, సముద్రంలో తిరిగిన కాలం నాటి తెల్లటి గట్టి పెచ్చు ఉంటే ఈనెకు లొంగదు. లోపలి గొట్టాల కట్టను బయటికి తీసి, లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణంలో, బుడగలు రావడం ఆగేవరకు నానబెట్టి, తరువాత వంట సోడా కలిపిన నీటితోను, మంచినీటితోను కడగాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోస్తే అరగంటలో పని అయిపోతుందని ఎవరైనా చెబుతారు. పెచ్చుతో పాటు లోహాన్నీ తినేస్తుంది, ముఖ్యంగా అల్యూమినియం భాగాలకు దాన్ని సోకనివ్వకూడదు. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు రింగులు కొత్తవి వేయండి.

పంపు విప్పే పని మళ్లీ పడితే, దాని మూత పలక లోపలి వైపు వేలుతో నిమరండి. గాళ్లు తగిలితే కొత్త ఇంపెల్లరు కూడా నీటిని పూర్తిగా తోయలేదు. ఇంపెల్లరును ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లో, గ్లిజరినో రాయాలి గాని గ్రీజు వద్దు. నీరు లేకుండా తిరిగితే ఈ రబ్బరు నిమిషంలోపే పాడవుతుంది. వాల్వు తెరవకుండా ఇంజను నడిపిన రోజేదైనా ఉందేమో మీ సరంగును నిదానంగా అడగండి.

ఇంతా చేశాక కూడా నీరు తక్కువగా వస్తే, మిగిలింది పొగగొట్టం వంపు. పొగ, నీరు కలిసే ఆ పోత ఇనుప ముక్కలో మసి, తుప్పు కలిసి గడ్డకట్టి, మూడు వేళ్లు పట్టవలసిన దారి ఒక వేలికి తగ్గిపోతుంది. పొగ వెనక్కి తన్నుతుంది, నీరూ తగ్గుతుంది, ఇంజను నల్లటి పొగ వదులుతూ బరువు లాగలేక వేడెక్కుతుంది. పాత సముద్రపు బోటు కనుక దీన్ని కూడా గట్టిగానే అనుమానించాలి. సుత్తితో కొట్టి శుభ్రం చేయబోతే తుప్పు తిన్న గోడ పగులుతుంది, కొత్తది వేయడమే మేలు. బరంపురంలో దొరకకపోతే విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు విడిభాగాల అంగళ్లలో అడగండి. నమూనాకు పాతదాన్ని వెంట తీసుకుపోవడం మంచిది.

నీటి ప్రవాహం పూర్తిగా ఉండి కూడా వేడెక్కుతున్నదంటే, ఇంజను మోయవలసినదానికంటే ఎక్కువ మోస్తున్నదేమో చూడాలి. వేటకు అమర్చిన ప్రొపెల్లరు మీద మీరు కప్పు, బల్లలు, జనం బరువు పెట్టారు. పూర్తి వేగం ఇచ్చినా ఇంజను దాని పలక మీద రాసిన ఆర్‌పీఎంను (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యను) అందుకోలేకపోతే, ప్రొపెల్లరుకు వల ముక్కో, కలుపో చుట్టుకొని ఉండాలి, లేదా అది ఈ బోటుకు తగని పరిమాణంలో ఉండాలి. రెండోదైతే ప్రొపెల్లరు మార్పించక తప్పదు.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం తీర్చుకొనే పద్ధతి ఇది. ఉదయం చల్లటి ఇంజనుకు కూలెంటు తొట్టి మూత తీసి, ఇంజను ప్రారంభించి, వేగం పెంచుతూ చూడండి. తెరలు తెరలుగా, ఆగకుండా బుడగలు వస్తుంటే, లేదా మూత పెట్టి నడిపినప్పుడు ఇంజను ఇంకా వేడెక్కకముందే పైపులు రాయిలా గట్టిపడితే, సిలిండరులోని మంట వాయువు కూలెంటులోకి దూరుతున్నదని గట్టిగా అనుమానించవచ్చు. ఆయిల్ పుల్ల మీద మజ్జిగ రంగు నురగ కనిపిస్తే కూలెంటు ఆయిలులో కలుస్తున్నట్టు. ఇవేవీ లేకుండా కూలెంటు మాత్రం బయట కారకుండానే తగ్గుతుంటే, అది ఎక్స్‌ఛేంజరు గొట్టంలోని కన్నంలోంచి చిలికాలో కలుస్తూ ఉండవచ్చు. బుడగలు, గట్టి పైపులు, నురగ కనిపించినప్పుడు మాత్రమే మీ మేస్త్రీ మాట నెగ్గుతుంది, అప్పుడు సందేహించకుండా విప్పించండి. కూలెంటులో బోరు నీళ్లు పోసే అలవాటుంటే మానుకొని, శుద్ధి చేసిన నీటిలో కూలెంటు కలిపి పోయండి. కూలెంటు తుప్పును ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతనూ పెంచుతుంది.

మరమ్మతు పూర్తయ్యేవరకు యాత్రికులను ఎక్కించుకోవద్దనే నా సలహా. పరీక్ష కోసం ఒంటరిగా వెళ్లినప్పుడు బజరు మోగితే, ముందుగా వెనక్కి చూడండి. పొగగొట్టంలోంచి నీరు వస్తున్నంతవరకు ఇంజను ఆపకుండా, గేరు తప్పించి, తక్కువ వేగంలో కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి. వేడి ఒక్కసారిగా లోపల నిలిచిపోకుండా ఇదే కాపాడుతుంది. నీరు రాకుండా ఆవిరి మాత్రమే వస్తుంటే వెంటనే ఆపి, లంగరు వేయండి. వేడి ఇంజను మీద గానీ, తొట్టిలో గానీ చల్లటి నీరు పోస్తే హెడ్ పగలవచ్చు. తొట్టి మూత ఒత్తిడితో పనిచేసేది కనుక లోపల కూలెంటు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తిప్పిన మరుక్షణం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చేయి ఆనించగలిగేటంత చల్లారాక, మందపాటి గుడ్డ కప్పి, మొదటి మెట్టు వరకే తిప్పి ఆవిరి పోనిచ్చి, ఆ తరువాత తీయాలి. ఇంజను తిరిగి అందుకోక మీట పదే పదే నొక్కవలసివస్తే, ముందు అడుగు వాల్వు మూయండి. మూయకపోతే, పంపు తోడిన నీరు పొగతో పాటు బయటికి పోయే అవకాశం లేక సైలెన్సరులో నిండి, వెనక్కి సిలిండర్లలోకి వస్తుంది. ఇంజను అందుకోగానే వాల్వు తెరవాలి.

ఎక్స్‌ఛేంజరు మూతలు విప్పాక అక్కడ ఏమి దొరికిందో, బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో, పూర్తి వేగంలో ఆర్‌పీఎం ఎంత వచ్చిందో మళ్లీ రాయండి. వీలైతే ఎక్స్‌ఛేంజరులోకి వచ్చే బయటి నీటి పైపు, పోయే పైపు మీద నల్ల టేపు అంటించి, పరుగులో తీసిన రెండు ఉష్ణోగ్రతలు కూడా రాయండి. ఆ రెండింటి మధ్య తేడా 20 డిగ్రీలు దాటితే నీరు ఇంకా చాలడం లేదని, తేడా తక్కువగా ఉండి కూడా ఇంజను వేడెక్కుతుంటే గొట్టాలకు పెచ్చు మిగిలే ఉందని, లేదా లోపలి కూలెంటు పంపు, దాని బెల్టు చూడాలని చెప్పగలను.